ఫైళ్ల పేరులు మార్చు విద్య

లోకమున వస్తువు వేరు, దాని పేరు వేరు. పేరు మారినంత మాత్రమున వస్తువు మారదు. అయినను పేరు తెలియనిచో ఆ వస్తువు ఇంట నుండియు లేనట్టిదే యగును. బీరువా నిండ కాగితములున్నను, వలసిన కాగితము వలసిన వేళకు చేతికి రానిచో ఆ బీరువా యున్న నేమి, లేకున్న నేమి? ఈ చిన్న సత్యము నేడు కంప్యూటరులందు దాచుకొను ఫైళ్ల విషయమున మఱింత బలముగ వర్తించుచున్నది. వందలకొలది ఫైళ్లకును, వాని నిముడ్చుకొన్న ఫోల్డర్లకును ఒక్క మాఱుగ పేరులు మార్చు స్క్రిప్టులను గూర్చియు, వానిని పాఠశాలలయందు ఎట్లు వాడవలెను, పిల్లలకు ఎట్లు నేర్పవలెను అను విషయమును గూర్చియు నా యభిప్రాయమును చదువరుల యెదుట నుంచుచున్నాను.

స్క్రిప్టు అనగా, కంప్యూటరు చేయవలసిన పనులను వరుసగ వ్రాసియిచ్చిన యాజ్ఞాపత్రము. “ఈ ఫోల్డరులోని ప్రతి ఫైలును తీసికొనుము, దాని పేరునకు ముందు సంవత్సరమును చేర్చుము, అంకెను నాలుగు స్థానములుగ వ్రాయుము” అని నాలుగైదు పంక్తులలో వ్రాసినచో, వేయి ఫైళ్ల పేరులు రెప్పపాటులో మారును. ఇంత వేగమెట్లు వచ్చెనని పిల్లలు అడుగుదురు. ఫైలు పేరు ఫైలునందలి విషయములో భాగము కాదు. ఫోల్డరనునది నిజమునకు ఒక పట్టిక. అందు పేరులును, ఏ పేరుగల ఫైలు ఎచ్చట నున్నదో తెలుపు గుఱుతులును ఉండును. పేరు మార్చుట యనగా హాజరు పట్టీలో ఒక పేరు కొట్టివేసి మఱియొక పేరు వ్రాయుట వంటిదే గాని, బల్లమీద కూర్చున్న బాలుని కదల్చుట కాదు. కావుననే ఆ పని యంత తేలికగ జరుగును. ఆ తేలికతనమునందే లాభమును గలదు, అపాయమును గలదు.

ఇట్టి పని పాఠశాలకేల యని కొందఱనవచ్చును. నేటి పాఠశాలలను చూడుడు. ఆటల పండుగ నాడును, బహుమతి ప్రదానము నాడును వందలకొలది ఛాయాచిత్రములు తీయబడుచున్నవి. పరీక్షల దరఖాస్తులకు ప్రతి విద్యార్థి చిత్రమును పంపవలసియున్నది. పాత అడ్మిషను రిజిస్టరుల కాగితములు పెళుసెక్కి, అంచులు రాలుచుండగా, వానిని స్కానరుపై నుంచి పుటపుటకును ప్రతిబింబము తీసి దాచుచున్నారు. ఇవన్నియు ఏ పేరులతో వచ్చుచున్నవి? కెమెరా సాధారణముగ నాలుగక్షరములును నాలుగంకెలును గల పేరు పెట్టును. ఆ యంకెలు 0001 మొదలు 9999 వఱకు పోయి మరల 0001 కడకు వచ్చును. కావున ఒకే పేరుగల రెండు చిత్రములు రెండు ఫోల్డర్లలో నుండుట వింత కాదు. ఆ రెండు ఫోల్డర్లను కలిపినప్పుడు ఒకటి రెండవదాని స్థానమును ఆక్రమింపవచ్చును. స్కానరు పెట్టు పేరులును ఇట్టివే. ఆ పేరులు యంత్రము ఎన్ని మాఱులు పని చేసెనో తెలుపును గాని, లోపల నేమున్నదో తెలుపవు. పేరు గొప్ప ఊరు దిబ్బ యని మనవారి సామెత. ఇచ్చట ఊరు గొప్పదియే, పేరే దిబ్బ!

ఒక పూర్వవిద్యార్థి పింఛను కొఱకో మఱియే యవసరమునకో తన జన్మతేదీ ధ్రువపత్రమును కోరి పాఠశాలకు వచ్చెననుకొందము. ఆయన ఏ సంవత్సరమున చేరెనో చెప్పగలడు. అడ్మిషను సంఖ్య చెప్పగలుగుటయు సాధ్యమే. ఫైలు పేరులో సంవత్సరమును, పుట సంఖ్యయు, ఆ పుటయందలి మొదటి సంఖ్యయు, తుది సంఖ్యయు ఉన్నచో, గుమాస్తా రెండు నిమిషములలో ఆ పుటను తెఱవగలడు. లేనిచో ఆఱువందల ప్రతిబింబములను ఒక్కొక్కటిగ తెఱచి చూడవలెను. లేదా ఆ వృద్ధుని మఱునాడు రమ్మనవలెను. ఫైలు పేరనునది అలంకారము కాదు; ఒకరి న్యాయమైన హక్కు దానిపై నాధారపడి యుండవచ్చును.

“అట్లయిన ఆ పనిని చేతితోనే చేసికొనుట మేలు కదా, యంత్రమునకు ఒప్పగింపనేల?” అని జాగరూకులైన పెద్దలు కొందఱు చెప్పుదురు. వారి భయము నిష్కారణమైనది కాదు. కాని నేను వారితో నేకీభవింపజాలను. ఆఱువందల పేరులను చేతితో మార్చువాడు నూఱవదాని కడకు వచ్చుసరికే అలసిపోవును. అటుపిమ్మట ఒకచోట 1938 అనుటకు 1983 అని వ్రాయును. ఇంకొకచోట ఒక సున్న విడిచిపెట్టును. ఆ తప్పులు ఎచ్చటెచ్చట నున్నవో ఎవ్వరికిని తెలియదు; ఒకదానికొకటి పోలికయు నుండదు. స్క్రిప్టు అలయదు. అది తప్పు చేసినను ఒకే తీరుగ చేయును. ఒకే తీరు తప్పును కనిపెట్టుట సులభము. పాత పేరుల జాబితా దాచియుంచినచో దిద్దుటయు సులభము. కావున ఎక్కువ ఫైళ్లున్నచోట చేతిపనికంటె స్క్రిప్టే మేలని నా నిశ్చయము. అయితే ఆ మేలు మూడు జాగ్రత్తలకు లోబడి మాత్రమే కలుగును. ఆ జాగ్రత్త లేల యవసరమో తెలియుటకు ముందు, అపాయములెట్టివో ఉదాహరణములతో చూపెదను.

మొదటిది: ఒకదానిపై నొకటి పడుట. ఒక తరగతిలో 40 మంది పిల్లల చిత్రములు 01 మొదలు 40 వఱకు క్రమసంఖ్యల పేరులతో నున్నవనుకొందము. సంవత్సరము నడుమ క్రొత్త బాలిక యొకతె చేరెను. అక్షరక్రమమున ఆమె పేరు మొదట వచ్చుటచే అందఱి సంఖ్యలును ఒక్కొక్కటి పెరుగవలెను. 01ని 02గా, 02ను 03గా, ఇట్లు మొదటినుండి మార్చుమని స్క్రిప్టు వ్రాసినచో నేమగును? మొదటి చిత్రమునకు 02 అను పేరు రాగానే మునుపటి 02 నశించును. పిమ్మట ఆ మొదటి చిత్రమే 03 అగును. మునుపటి 03 నశించును. ఇట్లు తుదకు 40 చిత్రములలో మొదటిది యొక్కటియే 41 అను పేరుతో మిగులును! లినక్సునందు పేరు మార్చు ‘ఎంవి’ యను ఆజ్ఞ సాధారణముగ అడుగకయే పాతదానిని తొలగించును. పైథాను భాషయందలి పేరు మార్చు ఆజ్ఞ లినక్సులో అట్లే చేయును; విండోసులోనైతే ఆ పేరు మునుపే యున్నదని చెప్పి ఆగిపోవును. ఒకే స్క్రిప్టు ఒక యంత్రముపై క్షేమముగ నడచి మఱియొక యంత్రముపై నాశనము చేయుట కిదియొక కారణము. ఈ పనిని తుదినుండి ప్రారంభించి, 40ని 41గా, 39ని 40గా మార్చుచు వచ్చినచో ఏ నష్టమును కలుగదు. ఆజ్ఞలు అవియే, వరుస మాత్రమే వేరు.

రెండవది: వరుస జాఱుట. ఆ 40 మందికే చిత్రములు తీయించితిమి. 7వ బాలుడు ఆనాడు బడికి రాలేదు. 23వ బాలిక కన్నులు మూసికొనుటచే ఆమె చిత్రమును రెండు మాఱులు తీసిరి. లెక్క చూచిన 40 చిత్రములు సరిగనే యున్నవి. స్క్రిప్టు హాజరు పట్టీని ప్రక్క నుంచుకొని, మొదటి చిత్రమునకు మొదటి పేరు, రెండవదానికి రెండవ పేరు పెట్టుచు పోయెను. మొదటి ఆఱును సరియే. 23 మొదలు తుదివఱకును సరియే. నడుమ 7 మొదలు 22 వఱకు గల 16 పేరులక్రిందను ప్రక్కవారి ముఖములు చేరును. ఉపాధ్యాయుడు మొదటిదియు తుదిదియు చూచి సంతృప్తి చెందినచో, ఆ పిల్లలు హాలుటిక్కెట్టు చేతికి వచ్చిన నాడు ఏమి చెప్పుకొందురు? యంత్రము ముఖములను చూడలేదు. వరుసను మాత్రమే చూచెను. ముఖమును పేరును కలిపి చూడవలసిన బాధ్యత మనుష్యునిదే.

మూడవది: అక్షరములను గ్రహించి యర్థమును గ్రహింపకుండుట. “రవి యని యున్నచోట రవికుమారు అని మార్చుము” అని యాజ్ఞాపించినచో, స్క్రిప్టు రవిబాబును రవికుమారుబాబుగ చేయును. మునుపే రవికుమారుగ నున్నవానిని రవికుమారుకుమారుగ చేయును. పిల్లలు నవ్వుదురు. నవ్వవచ్చును, కాని ఇట్టివి వందలలో కలిసిపోయినప్పుడు నవ్వు రాదు. మన యుద్దేశమేమో స్క్రిప్టునకు తెలియదు. మనము వ్రాసినదే దానికి తెలియును.

ఇట్టి అపాయములకు విఱుగుడుగ చెప్పదగిన మూడు జాగ్రత్తలివి. మొదట, మూలప్రతులను తాకకుండ వేఱొక ఫోల్డరులోనికి ఎక్కించిన నకలుపైననే పని చేయవలెను. రెండవది, నిజముగ పేరులు మార్చుటకు ముందు ఒక మాఱు ఉత్తుత్తి నడక నడిపింపవలెను. అనగా ఏ ఫైలు ఏ పేరుగ మారబోవుచున్నదో జాబితా మాత్రము చూపుమని యాజ్ఞాపింపవలెను. విండోసునందలి పవర్‌షెల్లులో ‘వాట్‌ఇఫ్’ అను మాటను చేర్చిన చాలును. అది చేయబోవు పనిని చెప్పును గాని చేయదు. పైథానులో వ్రాయువారు పేరు మార్చు పంక్తికి బదులు పాత క్రొత్త పేరులను అచ్చువేయు పంక్తిని మొదట వ్రాసి చూచుకొనవలెను. ఆ జాబితాయందు ఒకే క్రొత్త పేరు రెండు మాఱులు వచ్చెనా యని తప్పక పరీక్షింపవలెను. స్క్రిప్టు వ్రాసినవాడు గాక రెండవవాడు దానిని చదువుట యుత్తమము. తన వ్రాతలోని తప్పు తన కంటికి కనబడుట యరుదు. మూడవది, పాత పేరు ఒక వరుసను, క్రొత్త పేరు దాని యెదుటను వ్రాసిన పట్టికను శాశ్వతముగ దాచవలెను. ఆ పట్టిక యున్నచో మఱియొక చిన్న స్క్రిప్టుతో, వలసిన క్రమమున, పాత పేరులను మరల తేవచ్చును. లేనిచో చేతులు కాలిన పిమ్మట ఆకులు పట్టుకొన్నట్లే.

ఫోల్డర్ల పేరులను కూడ మార్చునప్పుడు లోపలివానిని ముందును, వెలుపలివానిని తరువాతను మార్చవలెను. ఏలయనగా, లోపలి ఫైలు చిరునామాయందు వెలుపలి ఫోల్డరు పేరు చేరియుండును. వీధి పేరు ముందుగ మార్చివేసి, పాత వీధి పేరుతో ఇంటికి మనిషిని పంపినచో వాడు తిరిగి వచ్చుటయే గాని పని జరుగదు.

పేరుల పట్టిక దాచుటను నేనింతగ నొక్కి చెప్పుటకు మన దేశమునందే సాక్ష్యము గలదు. మన పెద్దలు బెజవాడ యని పిలిచిన పట్టణమే విజయవాడ. మద్రాసు నగరము 1996లో చెన్నై యయ్యెను. రాజమండ్రికి 2015లో రాజమహేంద్రవరమను పేరు నిశ్చయింపబడెను. అయినను పాత పేరులతో వ్రాసిన దస్తావేజులు వ్యర్థములు కాలేదు. పాత పేరు ఏది, క్రొత్త పేరు ఏది, ఏనాడు మారెను అను సంగతి ప్రభుత్వపు కాగితములయందు నిలిచియుండుటచే ఆ దస్తావేజులు నేటికిని చెల్లుచున్నవి. ప్రభుత్వమునకు గెజిటు ఎట్టిదో, ఫైళ్ల పేరులు మార్చువానికి ఆ రెండు వరుసల పట్టిక యట్టిది.

ఇక పేరెట్లుండవలెనను ప్రశ్న. ఇది స్క్రిప్టునకు ముందు తేలవలసిన విషయము. యంత్రము తేల్చునది కాదు. అంకెలకు ముందు సున్నలు చేర్చి 001, 002 అని వ్రాయవలెను. లేనిచో పెక్కు పట్టికలలో 1 తరువాత 10 వచ్చి, 2 వెనుకబడును. తేదీని సంవత్సరము, నెల, దినము అను క్రమమున వ్రాసినచో అక్షరక్రమమే కాలక్రమమగును. 1988లో వెలువడిన అంతర్జాతీయ ప్రమాణము చెప్పునదియు ఈ క్రమమే. తేదీ నడుమ మనము గీయు ఏటవాలు గీత ఫైలు పేరులో చెల్లదు. విండోసులో ప్రశ్నార్థకమును, నక్షత్రపు గుఱుతును, రెండు చుక్కల గుఱుతును కూడ చెల్లవు. ఒకప్పుడు ఎంఎస్-డాసు కాలమున పేరునకు ఎనిమిదక్షరములును, చివర మూడక్షరములును మాత్రమే చోటుండెడిది. 1995లో వచ్చిన విండోసుతో 255 అక్షరముల వఱకు పేరు పెట్టు సదుపాయము కలిగెను. పాత ఫైళ్ల పేరులు ముక్కలుగ తెగియుండుటకు కారణమిదియే. వానిని చూచి ఆనాటివారిని నిందింపరాదు.

తెలుగున పేరు పెట్టవచ్చునా యని పలువు రడుగుదురు. పెట్టవచ్చును. 1991లో వెలువడిన యూనికోడు మొదటి కూర్పునందే తెలుగు లిపికి స్థానము దొఱకెను. అయితే రెండు సంగతులు గుర్తుంచుకొనవలెను. లినక్సునందు పేరు నిడివి సాధారణముగ 255 బైట్లకు మించరాదు. తెలుగు సంకేత మొక్కొక్కటి మూడు బైట్ల చోటు పట్టును. ‘శ్రీ’ యను ఒక్క యక్షరమునకే నాలుగు సంకేతములు, అనగా 12 బైట్లు కావలెను. రెండవది, ఒకరు మేరి యనియు, మఱియొకరు మేరీ యనియు వ్రాయుదురు. కొన్ని పదములలో కంటికి కనబడని విభజన సంకేతమును చేరియుండును. కన్నునకు ఒకటిగ తోచునవి యంత్రమునకు వేర్వేరు. కావున నా సూచన యిది: మొదట అడ్మిషను సంఖ్య యుండవలెను, పిమ్మట తెలుగు పేరు నిరభ్యంతరముగ నుండవచ్చును. ఒకే పేరుగల పిల్లలు తరగతికి ముగ్గురుండవచ్చును; ఒక పాఠశాలయందు అడ్మిషను సంఖ్య మాత్రము ఒకరికి ఒకటే.

“వెదకుటకు కంప్యూటరే యుండగా పేరులపై నింత శ్రమ యేల?” అను వారును గలరు. కంప్యూటరు అక్షరములను వెదకును. స్కాను చేసిన పుట దానికి బొమ్మయే గాని అక్షరములు కావు. పాత చేవ్రాతను యంత్రముచే చదివించినను, ఆ చదివిన దానిని మనుష్యుడు సరిచూడక నమ్మరాదు. వెదకుట కూడ మంచి పేరున్నచోటనే బాగుగ సాగును.

ఈ కారణములచే, కంప్యూటరు తరగతులలో పిల్లలు మొదట వ్రాయు స్క్రిప్టులలో నొకటి ఫైళ్ల పేరులు మార్చునదై యుండవలెనని నా మతము. అందులో లెక్క గలదు, భాష గలదు, క్రమము గలదు. అన్నిటికంటె మించి పరుల వస్తువును జాగ్రత్తగ ముట్టుకొను శిక్షణ గలదు. ముందుగ పనికిరాని ఇరువది ఫైళ్లను ఇచ్చి, వానిపై తప్పులు చేయనీయవలెను. ఉత్తుత్తి నడక జాబితాను ప్రక్క విద్యార్థి చదివి సంతకము చేసిన పిమ్మటనే నిజమైన ఆజ్ఞను నడుపనీయవలెను. ఎవరు ఎంత వేగముగ ముగించిరని గాక, ఎవరు పాత స్థితిని మరల తేగలిగిరని పరీక్షించి మార్కులు వేయవలెను. పాఠశాల రిజిస్టరులను మాత్రము విద్యార్థుల చేతికీయరాదు. వానిలో వ్యక్తుల వివరములుండును. ఆ పని బాధ్యతగల ఉద్యోగులదే.

తలిదండ్రులకును ఒక మాట. మీ ఫోనులలో పిల్లల చిత్రములు, తాతల చిత్రములు వేలకొలది యుండును. ఎవరెవరో చెప్పగల పెద్దలు ఇంట నుండగానే వానిలో ముఖ్యమైనవాని పేరులు అడిగి వ్రాయించుడు. ముఖములను గుర్తించి చెప్పు అవ్వ యిప్పుడు అరుగుమీద కూర్చొనియున్నది. స్క్రిప్టు వ్రాయగల మనుమడు బడినుండి వచ్చుచున్నాడు. ఆ యిద్దఱును ఒక సాయంకాలము కలిసి కూర్చున్నచో, ఆ యింటి చరిత్రము పేరులతో సహా నిలుచును. అవ్వ పోయిన పిమ్మట ఎంత చక్కని స్క్రిప్టు వ్రాసినను, అది అంకెలను మార్చగలదే గాని ఆ పేరులను తేజాలదు.